సేవ్ కాని చావు

మళ్ళీ ఆగిపోయింది. చూడు, చూడవయ్యా! సేవ్ నొక్కానో లేదో ఆ గుండ్రం తిరగడం మొదలు. తిరుగుతుంది, తిరుగుతుంది, ఇంతలో తెర మొత్తం తెల్లబోతుంది. ఇంక ఎన్ని నొక్కినా ఉలకదు, పలకదు. అచ్చం నీలాగే. ఏదైనా పని చెప్తే చాలు, బిగుసుకుపోవడం!

ఏంటీ, మార్చురీలోకి లాప్‌టాప్ ఎందుకు తెచ్చావంటావా? ఊళ్ళో కరెంటు లేదు మరి. పొద్దున పోయింది, ఎప్పుడొస్తుందో కరెంటాఫీసు వాళ్ళకే తెలీదు. ఈ కుమాసి ఊరు మొత్తమ్మీద ఇప్పుడు నిఖార్సైన కరెంటు ఎవరికుందయ్యా అంటే, నీకుంది. నీ సొరుక్కుంది. జనరేటరు పెట్టి మరీ నిన్ను చల్లగా చూసుకుంటున్నారు. బతికున్నవాళ్ళం మేమేమో చెమటలు కక్కుతున్నాం.

అందుకే ఇలా వచ్చాను. పాపం ఈ అలిదు మంచివాడు. నీ సొరుగు పక్కనున్న ప్లగ్గులో పెట్టుకోండమ్మా అని, కూర్చోడానికి స్టూలు కూడా వేశాడు. మార్చురీ కడిగేవాడికున్న మర్యాద మీ అక్కకి లేదు.

అలిదూ! నువ్వే సాక్ష్యం నాయనా. చూశావుగా, నేను సేవ్ నొక్కాను, అది ఆగిపోయింది. రేపు ఎవరైనా అడిగితే చెప్పాలి మరి.

అదిగో, తలుచుకోగానే ఫోను. మీ అక్కే. మోగనీ. ఎత్తితే ఏమంటుందో నాకు తెలీదూ? "అయిందా సెర్వా? అయిందా?" పొద్దుట్నించీ ఇదే పాట. కాలే కడుపుతో కెంకే ముద్ద నోట్లో పెట్టుకోబోతుంటే, "అయిందా?" స్నానాలగదిలో ఉంటే తలుపవతల నిలబడి, "అయిందా?" ఏం కావాలి నా తలకాయ?

సరే, ఆవిడ తొందరలోనూ అర్థముందిలే. సాయంత్రం ప్రెస్సు మూసేలోపల ఈ ఫైలు అక్కడికి చేరాలి. చేరితేనే చుట్టాల పేర్లతో పోస్టర్లు, చేరితేనే పై శనివారం నీ అంత్యక్రియలు. చేరకపోతే ఆ శనివారం గోవిందా. ఆ తర్వాత ఏముంది? మన పేటలో ప్రతి శనివారం ఎవడో ఒకడు ముందే చచ్చి రాసిపెట్టుకున్నాడు. పందిళ్ళు, కుర్చీలు, డప్పులవాళ్ళు, ఏవీ ఖాళీ లేవు. మళ్ళీ కొత్త సంవత్సరం వచ్చాకే నీ వంతు. అందాకా నువ్విక్కడే, ఈ ఇనప సొరుగులో, కాళ్ళు చాపుకుని.

అసలు ఈ గోలంతా నువ్వు చెయ్యాల్సిందయ్యా! కోకో గోదాములో గుమాస్తావన్న మాటేగానీ, నీ అసలు ఉద్యోగం చావులేగా. పేటలో ఎవరి ఊపిరాగినా నీ దగ్గరికే పరిగెత్తుకొచ్చేవాళ్ళు. నువ్వు ఈ లాప్‌టాప్ తెరిచి గడుల షీటు పరిచేవాడివి. ఎవరు ఏ పందిరి కింద కూర్చోవాలి, ఎవరి తర్వాత ఎవరు లేచి చేతులు కలపాలి, ఏ ఇంటివాళ్ళు ఏ గుడ్డ కట్టాలి, తాగొచ్చే బావమరిదిని ఏ పాస్టరుగారి పక్కన ఇరికించాలి. అన్నీ గడుల్లో పెట్టి, సేవ్ కొట్టి, ఆవులించి పడుకునేవాడివి. ఊరందరి చావులూ చక్కగా సేవ్ చేశావు. నీ ఒక్కడి చావే సేవ్ అవట్లేదు.

పోయావు కూడా ఎలా పోయావు? ఎవరో ముసలాయన అంత్యక్రియల్లో, కుర్చీలు వరసగా లేవని సర్దుతూ సర్దుతూ గుండె పట్టుకుని ఒరిగిపోయావు. అక్కడికొచ్చిన జనం ఆ ముసలాయన్నొదిలేసి నీకోసం ఏడ్చారు. ఆయన పిల్లలకి ఇప్పటికీ నా మీద కోపమే.

ఇంక విను, నీ షీటు కథ. నీకు నవ్వొస్తుంది. నవ్వు, ఎవరూ చూడరులే.

మొదటి రోజు నీ అంత్యక్రియల కమిటీ కూర్చుంది. కుటుంబ పెద్ద నానా బదు వాలుకుర్చీలో, మీ అక్క అఫ్రియే మధ్యలో, ఆవిడ కొడుకు యియాడొమ్ లాప్‌టాప్ ముందు. బళ్ళో లెక్కలు చెప్తాడుగా, వాడికి అన్నీ వచ్చని వాడి నమ్మకం. పేర్లన్నీ కొట్టాడు, చూడండని తెర ఇటు తిప్పాడు. మీ అక్క చూసింది. చూసి ఒంటికాలి మీద లేచింది.

"ఇదేంట్రా, తెల్లగా ఉంది?"

"షీటు తెల్లగానే ఉంటుందమ్మా."

"తెలుపు ఎవరికి కడతార్రా? నిండు నూరేళ్ళూ బతికి, మునిమనవళ్ళని ఎత్తుకుని పోయినవాళ్ళకి కడతారు. నా తమ్ముడు నడివయసులో రాలిపోయాడు. వాడికి ఎరుపూ నలుపూ కదా! నువ్వు వాడి చావుకి పండగ చేస్తున్నావా?"

వాడు పెద్దాయన కేసి చూశాడు. నానా బదు కునికిపాట్లు పడుతున్నాడు, అడిగేవాళ్ళెవరు? సరేనని వాడు ఒక వరస ఎరుపు, ఒక వరస నలుపు వేశాడు. పేర్లున్నంతమేరా వేసి ఆపాడు. మీ అక్క ఊరుకుంటుందా? వేలుపెట్టి తెర కిందికి జరిపింది. "ఇదిగో, ఇక్కడ తెల్లగా ఉంది." వేశాడు. ఇంకా జరిపింది. "ఇదిగో, ఇక్కడ." వేశాడు. "ఇంకా కిందికి పో." "అమ్మా, కింద ఎవరూ లేరే!" "లేకపోతే? అక్కడ మాత్రం దుఃఖం లేదా? ఇంకా కిందికి పోరా, ఇంకా కిందికి!"

వాడికి విసుగొచ్చి ఏవో రెండు మూడు మీటలు కలిపి నొక్కి, షీటు అడుగంటా, ఆ చివర్నుంచి ఈ చివరికి, పుట్టనివాళ్ళ గడులకి కూడా ఎరుపూ నలుపూ చుట్టబెట్టేశాడు. నీ షీటు నాకంటే నిండుగా మైల గుడ్డలు కట్టుకుందనుకో.

ఆ రోజు నించి మొదలైంది. సేవ్ నొక్కడం, ఆగిపోవడం. తెర తెల్లబోయేసరికి మీ అక్క గుండెలు బాదుకుంది. "చూశారా, ఎన్ని రంగులేసినా మళ్ళీ తెలుపుకే పోతోంది! ఈ యంత్రం కూడా నా తమ్ముడు పోయాడని సంబరపడుతోంది!"

అబ్బ, దాన్ని బాగుచెయ్యడానికి పడ్డ పాట్లు చెప్తే తలప్రాణం తోకకొస్తుంది. ఆపి మళ్ళీ పెట్టారు. బ్యాటరీ పీకి ఎండలో పెట్టారు. పెన్‌డ్రైవ్‌లోకి సేవ్ చెయ్యబోయారు, అదీ ఆగింది. ప్రింటరు వైరు వల్లేమోనని యియాడొమ్ అది పీకేశాడు. వైరసేమో అన్నాడొకడు. దానికో మందు ఎక్కించారు, అది వెతుకుతూ వెతుకుతూ నిద్రపోయింది. చర్చి డీకను వచ్చి, ఇది మామూలు ఆగడం కాదు, ఎవరో ఆపుతున్నారని నావైపు ఓరగా చూసి, ప్రార్థన చేసి, పవిత్ర తైలం ఒక చుక్క మీటల మధ్యలో పోశాడు. ఆ తైలానికి ఇప్పుడు సగం మీటలు అతుక్కుపోయి ఒకటి నొక్కితే రెండు పడుతున్నాయి. నీ పేరులో యకారాలు పెరిగిపోయాయి. మొన్న చదివితే, పిల్లి ఏడ్చినట్టుంది.

వేరే పేరుతో సేవ్ చేద్దామన్నాడు యియాడొమ్. అలా ఓపిగ్గా కాచుక్కూచుంటే ఒక్కోసారి అయ్యేది, ఒక్కోసారి సగంలో చచ్చేది. ఇప్పుడు నీ లాప్‌టాప్ నిండా నువ్వే. "అగ్యెయ్ చివరిది." "అగ్యెయ్ అసలు చివరిది." "అగ్యెయ్ ఇదే చివరిది, ముట్టుకోవద్దు." చచ్చింది ఒక్కడివి, ఇన్ని చివరలేంటయ్యా నీకు?

ఆఖరికి నిన్న డోర్కస్‌ని పిలిపించాం. కెజెటియా సంత దగ్గర కంప్యూటర్లు బాగుచేసే అమ్మాయి, నువ్వు కూడా ఎరుగుదువు, నోటి దురుసు మనిషి. కూర్చుంది. షీటు కిందికి జరిపింది. జరుపుతూనే ఉంది. ఎరుపు, నలుపు, ఎరుపు, నలుపు. నావైపు తిరిగి, "ఆంటీ, మీ బంధువులు ఇంతమందా? ఆఫ్రికా మొత్తం వస్తోందా?" అంది.

కాదమ్మా, అక్కడెవరూ లేరు, ఉత్త రంగే అన్నాను. నెత్తి కొట్టుకుంది. "మీరు సేవ్ నొక్కినప్పుడల్లా ఇది ఒక్కో గడి దగ్గరా ఆగి, ఇది ఎర్రది, ఇది నల్లది, ఇది ఎర్రది అని రాసుకుంటూ అడుగుదాకా పోవాలి ఆంటీ. దానికి పిచ్చెక్కక ఏమవుతుంది? ఖాళీ గడుల రంగు తీసెయ్యండి, మరుక్షణం అయిపోతుంది."

ఇంకేం, యుద్ధం. నా తమ్ముడి దుఃఖం తీసెయ్యడానికి ఎవర్తివే నువ్వు అని మీ అక్క. దుఃఖం కాదు మేడమ్, ఫార్మాటింగ్ అని డోర్కస్. అదేం తిట్టో నీ ఇంట్లో తిట్టుకో అని మీ అక్క. ఈ గోలకి నానా బదుకి మెలకువొచ్చింది. ఏం జరుగుతోందని అడిగాడు. చెప్పారు. ఆయన చాలాసేపు ఆ తెర కేసి చూసి, "పేరున్నవాళ్ళు ఏడవండి. పేరు లేని గడులు ఎవరికోసమూ ఏడవక్కర్లేదు. తీసెయ్యమ్మా," అని మళ్ళీ కళ్ళు మూసుకున్నాడు. ఎంతైనా పెద్దమనిషి.

డోర్కస్ తీసేసింది. కింద అంతా తెల్లగా అయిపోయింది. సేవ్ నొక్కింది. అంతే, రెప్పపాటు! గుండ్రం లేదు, తిరగడం లేదు. అందరూ చప్పట్లు కొట్టారు. మీ అక్క మాత్రం కొట్టలేదు. మొహం తిప్పుకుని పెరట్లోకి పోయి, తోమేసిన గిన్నెలే మళ్ళీ తోముతూ కూర్చుంది. ఓడిపోయానని ఉడుక్కుంటోందిలే అనుకున్నాను.

మరి నిన్న సేవ్ అయితే ఇవాళ ఈ ఏడుపేంటంటావా? ఆ నిన్నటి ఫైలు ఉంది, ఎక్కడికీ పోలేదు. కానీ దాంట్లో నా పేరు లేదు కదయ్యా! అందరూ లేచి వెళ్ళబోతుంటే చూశాను. కుటుంబ పెద్ద ఉన్నాడు, అక్క ఉంది, మేనల్లుళ్ళున్నారు, మేనకోడళ్ళు వాళ్ళ మొగుళ్ళతో సహా ఉన్నారు. "భార్య" అని నువ్వు ఊరందరి చావులకీ పెట్టిన గడి ఉంది. దాని పక్క గడి ఖాళీ. ఎరుపు మాత్రం వేశారు.

అడిగితే యియాడొమ్ నాలిక్కరుచుకున్నాడు. "మర్చిపోయామత్తా, నీ పేరు నువ్వే రాసేసి సేవ్ చేసి, రేపు ప్రెస్సులో ఇచ్చెయ్," అని లాప్‌టాప్ నా ఒళ్ళో పెట్టి వెళ్ళిపోయాడు. మర్చిపోయారట! పాస్టరుగారి డ్రైవరు గుర్తున్నాడు, నేను గుర్తులేను.

అదీ సంగతి. నా పేరు రాశాను, సేవ్ నొక్కాను, ఆగిపోయింది. నా పేరు లేకుండా నిన్నెలా పంపించను? నువ్వే చెప్పు. ఎవరైనా ఒప్పుకుంటారా?

ఏంటలిదూ? డీజిలు పొయ్యాలా? వెళ్ళు నాయనా, వెళ్ళు. నేనిక్కడే ఉంటాలే. ఈయన్ని చూసుకుంటాలే, పారిపోడు.

…

వెళ్ళాడా? వెళ్ళాడు.

అగ్యెయ్. ఇటు విను. గట్టిగా చెప్పలేను.

ఆ రంగు నేనే వేశానయ్యా. మళ్ళీ. యియాడొమ్ ఏ మీటలు నొక్కాడో ఆ రోజు పక్కనే కూర్చుని చూశాగా. ఇందాక నీ పక్కన ఇలా కూర్చుని, షీటు అడుగుదాకా, మొత్తం, ఎరుపూ నలుపూ వేసేశాను. అప్పుడు సేవ్ నొక్కాను. ఆగుతుందని తెలిసే నొక్కాను. అలిదుని పిలిచి మరీ చూపించాను.

అలా చూడకు.

ఎందుకంటే ఏం చెప్పను? ఇల్లు, అనుకో. శనివారం నిన్ను పాతేస్తారు. ఆదివారం దుఃఖం తీరిందని చర్చిలో అందరూ తెల్లబట్టలు కట్టుకుని స్తోత్రాలు పాడతారు. సోమవారం యియాడొమ్ టేపు పట్టుకొచ్చి హాలు కొలుస్తాడు. కొలవకపోతే వాడిది తప్పు. మనలో ఆస్తి మేనల్లుడికేగా పోయేది, అది మీ తాతల ఇల్లు. నీ ఇల్లు నీ మేనల్లుడిది, నీ శవం మీ అక్కది. పిల్లా జెల్లా లేనిదాన్ని, నాకు మిగిలింది ఈ లాప్‌టాపు, మీటలు అతుక్కుపోయింది. నువ్విక్కడ ఉన్నంతకాలం నన్నెవరూ లెమ్మనరు. నువ్వు మట్టిలోకి, నేను మా అన్న ఇంటి వెనక గదిలోకి. అందుకే వేశాననుకో.

అలా అనుకుంటే బానే ఉంది. కానీ నీ దగ్గరే అబద్ధమెందుకు?

ఇల్లు కాదు. నాకు పొద్దున్నే లేచి రావడానికి ఒక చోటుందయ్యా ఇప్పుడు. బస్సులో కండక్టరు ఎక్కడికమ్మా అంటే, మా ఆయన దగ్గరికి అంటున్నాను. వాడు టిక్కెట్టిస్తున్నాడు. వచ్చి స్టూలు మీద కూర్చుంటున్నాను, నిన్ను నాలుగు తిడుతున్నాను, కడుపు చల్లబడుతోంది, ఇంటికి పోతున్నాను. బతికుండగా నేను మాట్లాడుతుంటే నువ్వు ఆ గడుల్లోంచి తలెత్తేవాడివా? ఇప్పుడే కదా కుదురుగా వింటున్నావు! ఆ సోమవారం కండక్టరు అడిగితే ఏం చెప్పను?

నాకు నీ మీద బెంగగా ఉందయ్యా. అంతే. ఇంకేం లేదు.

డోర్కస్ సేవ్ నొక్కినప్పుడు రెప్పపాటులో అయిపోయింది చూశావూ! మీ అక్క తిట్టిన తిట్లన్నీ ఒకెత్తు, ఆ రెప్పపాటొకెత్తు. డీకను చెప్పింది నిజమే అయి కూర్చుంది. ఎవరో ఆపుతున్నారన్నాడు. తైలం మీటల మీద కాదు, నా నెత్తిన పొయ్యాల్సింది.

అదిగో, మళ్ళీ ఫోను. మీ అక్కే. ఈసారి ఎత్తకపోతే ఇక్కడికే ఊడిపడుతుంది. ఉండు.

ఆఁ, వదినా… లేదు… లేదొదినా, మళ్ళీ ఆగిపోయింది… ఆఁ, నొక్కగానే… తెల్లబోయింది… ఏమో మరి, తైలమేమో… ఏంటీ?… ఆఁ… ఆఁ, ఇక్కడే ఉన్నా, పక్కనే… చల్లగానే ఉంది. జనరేటరుంది కదా… సరే… సరేలే వదినా… ఆఁ, తిన్నాను. నువ్వు తిన్నావా?… తినలేదూ? తిను మరి… ఉంటాను.

…

విన్నావా?

తిట్టలేదయ్యా. ఒక్క తిట్టూ తిట్టలేదు. ఆగిపోయిందని చెప్తే, ఏమందో తెలుసా, "పోనీలే సెర్వా, యంత్రాన్ని మరీ బలవంతపెట్టకు. శనివారాలు ఎక్కడికి పోతాయి," అంది. మీ అక్క! పొద్దుట్నించీ అయిందా అయిందా అని నన్ను పీక్కుతిన్న మనిషి! వాడికి అక్కడ చల్లగానే ఉందా అని అడిగింది. ఆ గొంతు నేనెప్పుడూ విన్లేదు.

ఇంకా కిందికి పోరా, ఇంకా కిందికి అని ఆ రోజు వేలుతో జరుపుతూనే ఉంది. ఆవిడ చాదస్తమనుకున్నాన్నేను. గిన్నెలు తోముతుంటే ఓడిపోయిందనుకున్నాను. అయిందా అయిందా అంటే తొందరనుకున్నాను, భయమన్నమాట అది. ఛీ, ఇన్నేళ్ళు ఒక చూరు కింద బతికి, ఆ మనిషి వీపు వెనక ఎన్ని తిట్టుకున్నానో.

సరే. ఇద్దరాడవాళ్ళం కలిసి నిన్ను ఫ్రిజ్‌లో పెట్టి తాళం వేసుక్కూచున్నాం. ఊళ్ళోవాళ్ళకి తెలిస్తే ముక్కున వేలేసుకుంటారు. వేసుకోనీ.

అబ్బా, ఈ గుండ్రం ఇంకా తిరుగుతూనే ఉంది. తిరగనీ పాపం.

అలిదూ! వచ్చావా? ఏం చెప్పను నాయనా, ఇదిగో, ఇంకా అలాగే ఉంది. దాని సంగతొదిలెయ్. డీజిలు నిండా పోశావా లేదా?